వానకు కొలత, బడికి పరీక్ష: మెట్రిక్ పద్ధతి బోధనపై ఒక విమర్శ

కొంతకాలము క్రిందట అనంతపురము జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లల ముందు నిలిచే అవకాశము నాకు కలిగినది. అది జూలై మాసము. ముందటి రాత్రి వాన పడినది. ఆ మండలములో 20 మిల్లీమీటర్ల వర్షము కురిసినదని ఉదయపు పత్రికలో ఉన్నది. మొదట పిల్లలకు నల్లబల్ల మీద రెండు లెక్కలు ఇచ్చినాను. 3.5 కిలోమీటర్లను మిల్లీమీటర్లలోనికి మార్చవలెను. 7 హెక్టోగ్రాములను సెంటీగ్రాములలోనికి మార్చవలెను. తరగతిలో సగముకంటె ఎక్కువమంది తడుముకోకుండా చేసినారు.

తరువాత పత్రిక చూపి అడిగినాను: "మిల్లీమీటరు పొడవును కొలిచేది గదా! వాన నీటిని పొడవుతో కొలుచుట ఏమిటి? 20 మిల్లీమీటర్లు అంటే ఎక్కడనుండి ఎక్కడికి?"

తరగతి నిశ్శబ్దమైనది. ఒక బాలుడు చినుకు పొడవు అన్నాడు. ఇంకొకడు వాన నేలలోనికి దిగిన లోతు అన్నాడు. చివరి బల్లనుండి ఒక బాలిక లేచి, "నీళ్లు పారకుండా, ఇంకకుండా నిలిచి ఉంటే అంత ఎత్తు ఉంటుందేమో సార్" అన్నది. సరియైన జవాబు. "మరి మీ పొలములో ఎన్ని లీటర్లు పడినట్లు?" అని అడిగితే ఆ బాలిక కూడ చెప్పలేకపోయినది.

ఆ పిల్లలలో ఎక్కువమంది చెనిక్కాయ పండించే రైతుల బిడ్డలు. ఆ ఉదయము వారి ఇండ్లలో నడచిన చర్చ ఒక్కటే: ఈ వాన విత్తుకు చాలునా, చాలదా? బడిలో నేర్చిన కొలతకూ, ఇంటిలో అవసరమైన కొలతకూ నడుమ వంతెన లేదు. ఈ లోపము పిల్లలది కాదు. వారి ఉపాధ్యాయునిది మాత్రమే అనుటయు న్యాయము కాదు. మెట్రిక్ పద్ధతిని మనము దేశములో ప్రవేశపెట్టిన తీరులోను, పాఠముగా మలచిన తీరులోను ఉన్న లోపము ఇది. దానిని పరిశీలించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

నీటితో కట్టిన పద్ధతి

మెట్రిక్ పద్ధతి ఫ్రెంచి విప్లవ కాలములో పుట్టినది. భూమి ధ్రువమునుండి భూమధ్యరేఖవరకు ఉన్న దూరములో కోటవ వంతును మీటరు అనవలెనని నిర్ణయించి, ఆ దూరమును లెక్కకట్టుటకు 1792లో డెలాంబ్రు, మెషేన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు డన్‌కర్కు, బార్సిలోనా పట్టణముల నడుమ కొలతకు బయలుదేరినారు. 1795లో చట్టము మీటరు, లీటరు, గ్రాము అనే పేర్లను స్థిరపరచినది.

ఇది ఎక్కడో జరిగిన కథ అని మన పిల్లలు అనుకోనక్కరలేదు. భూమి ఆకారమును తెలిసికొనుటకు ఇట్టి కొలతనే మన దేశములో విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులో మొదలుపెట్టినాడు. దక్షిణమునుండి ఉత్తరమునకు సాగిన ఆయన రేఖ అనంతపురము సీమ మీదుగా పోయినది. 1811లో గుత్తి ప్రాంతమున ఒక ఆధార రేఖను ఉక్కు గొలుసుతో కొలిచినారు. ఫ్రాన్సులో మీటరును ఇచ్చిన శాస్త్రమే గుత్తి కొండల నడుమ నడచినది. అయితే లాంబ్టన్ లెక్క అడుగులలో సాగినది.

మీటరు ఒక్కటే పుట్టి ఉంటే అది మరొక గజముబద్ద మాత్రమే అయ్యేది. ఆ పద్ధతి గొప్పతనము మరొకచోట ఉన్నది. మీటరులో పదవ వంతు పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు గల పెట్టెలో పట్టే నీరు లీటరు. ఆ లీటరు నీటి బరువు కిలోగ్రాము. పొడవు, వైశాల్యము, ఘనపరిమాణము, బరువు అనే నాలుగు కొలతలను ఒకే గొలుసుగా కలిపిన లంకె నీరు. నేడు శాస్త్రజ్ఞులు మీటరును 1983నుండి కాంతి వేగముతోను, కిలోగ్రామును 2019నుండి ప్లాంకు స్థిరాంకముతోను నిర్వచిస్తున్నారు. కాని బడి పనులకు, పొలము పనులకు పాత లంకె నేటికీ చెల్లుతుంది.

అందుచేత ఒక చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు ఎత్తున నిలిచిన నీరు సరిగా ఒక లీటరు. దాని బరువు ఒక కిలోగ్రాము. గుణకారము లేదు, భాగహారము లేదు. అంగుళములలోను, ఎకరములలోను, గ్యాలనులలోను ఈ లెక్క చేయబూనినవాడు కాగితము నింపవలసినదే. నీటి కొరతతో బ్రతికే సీమకు నీటితోనే కట్టిన కొలమానము చేతికి వచ్చినది. దానిని ఆ సీమ పిల్లలకు నీటి మాట ఎత్తకుండా నేర్పుతున్నాము. నా విమర్శకు మూలము ఇదే.

నాణెము గెలిచినది, పొలము మిగిలినది

మన దేశములో ఈ పద్ధతి ప్రయత్నము చాల పాతది. సేరును కిలోగ్రాముతో సమానము చేస్తూ బ్రిటిషు ప్రభుత్వము 1871లోనే ఒక చట్టము చేసినది. అది అమలుకు రాలేదు. స్వాతంత్ర్యము తరువాతనే నిజమైన మార్పు వచ్చినది. 1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు నయాపైసలైనది. 1956లో తూనికలు, కొలతల ప్రమాణముల చట్టమైనది. 1958 అక్టోబరు 1నుండి కిలోగ్రాము బజారులలో అడుగుపెట్టినది. 1962 ఏప్రిల్‌నుండి బరువులలో అదే తప్పనిసరి అయినది.

అంతవరకు తెలుగు అంగడిలో తూకము ఎట్లుండెనో నేటి పిల్లలకు చెప్పవలెను. మూడు తులములు ఒక పలము. ఐదు పలములు ఏబలము, పది పలములు పదలము, నలుబది పలములు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. వీశె అంటే సుమారు 1.4 కిలోగ్రాములు. ధాన్యమునకు మానిక, కుంచము, తూము, పుట్టి వేరు. ఒక ఊరి తూము పక్క ఊరి తూముతో సరిపడేది కాదు. కొనేటప్పుడు పెద్ద కుంచము, అమ్మేటప్పుడు చిన్న కుంచము వాడే వర్తకుని చేతిలో రైతు మోసపోయినాడంటే, అందుకు సగము కారణము కొలతకు స్థిరత్వము లేకపోవుటయే. ఒకే కిలోగ్రామును దేశమంతట నిలబెట్టుట బీదవానికి చేసిన గొప్ప మేలు. దీనిని తక్కువ చేసి చెప్పుట నా ఉద్దేశము కాదు.

అయినను, ఆ మార్పు అన్నిచోట్ల ఒకే తీరున సాగలేదు. నాణెమును చూడండి. ఒక అణా 6.25 నయాపైసలు. ప్రభుత్వపు మార్పిడి పట్టికలో ఒక అణాకు 6, రెండు అణాలకు 12, మూడు అణాలకు 19, నాలుగు అణాలకు 25 పైసలు. మూడు అణాల వస్తువును ఒకేసారి కొంటే 19 పైసలు, అణా వంతున మూడుసార్లు కొంటే 18 పైసలు! జనము సణిగినారు. కాని కొద్ది యేండ్లలో అణాలు చేతులలో లేకుండా పోయినవి. మార్చవలసిన అవసరము పోగానే పట్టిక కూడ పోయినది. 1964లో 'నయా' అనే మాటను తీసివేసినారు. పావలా, అర్ధరూపాయి అనే పేర్లు మాత్రము కొత్త నాణెముల మీదికి ఎక్కి హాయిగా బ్రతికినవి.

దీనినుండి ఒక పాఠము తెలుస్తున్నది. కొత్త కొలత నిలిచేది పాత కొలతలోనికి మార్చి చెప్పుటవలన కాదు; దానితోనే నేరుగా కొనుట, అమ్ముట, కట్టుట, తవ్వుట జరిగినప్పుడు. అట్లు జరగనిచోట పాత కొలత కదలలేదు. పొలము నేటికీ ఎకరములలో, సెంట్లలో నడుస్తున్నది. బోరుబావి లోతు అడుగులలో ఉన్నది. బోరులో పడిన నీరు ఇంచులలో ఉన్నది. జలాశయపు నీరు టి.ఎం.సి.లలో, అనగా శతకోటి ఘనపుటడుగులలో ఉన్నది. బంగారము తులములలో ఉన్నది; అయితే చట్టపు తులము 11.66 గ్రాములు కాగా, నేటి అంగడి తులము 10 గ్రాములు. పేరు పాతది, బరువు కొత్తది!

ఎకరము మన పూర్వుల సొత్తనుకొని దానిని పట్టుకొని ఉన్నామా అంటే, అదియు కాదు. 1800నుండి 1807వరకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో చేయించిన సర్వేతో అది ఈ సీమలో వేరూనినది. 33 అడుగుల గొలుసు నాలుగు ప్రక్కల సరిపడే నేల ఒక గుంట. అట్టి నలుబది గుంటలు ఎకరము. అంతకుముందు మన రైతు నేలను విత్తనముతో కొలిచేవాడు: తూమెడు నేల, పుట్టెడు నేల అని. ఒక పరాయి కొలతను రెండు వందల యేండ్లలో మన సొంతము చేసికొనగలిగినవారము, హెక్టారును చేసికొనలేమా? చేసికొనగలము. ఎకరము వెనుక దస్తావేజు, శిస్తు, సర్వే గొలుసు ఉన్నవి. హెక్టారు వెనుక పరీక్షలో రెండు మార్కులు మాత్రమే ఉన్నవి.

పాఠములోని మూడు దోషములు

ఇక తరగతి గదిలోనికి వస్తాము. మెట్రిక్ పాఠము చాలచోట్ల నడిచే తీరులో మూడు దోషములు నాకు కనిపిస్తున్నవి.

మొదటిది, నిచ్చెన. కిలో, హెక్టో, డెకా, డెసి, సెంటి, మిల్లి అనే మెట్లు కంఠస్థము చేయించి, బిందువును కుడికి, ఎడమకు జరుపుట నేర్పుతారు. బిందువు జరుపుట అవసరమే. కాని హెక్టోగ్రామును అంగడిలో అడిగినవారు ఎవరు? డెకామీటరుతో గోడ కొలిచిన మేస్త్రీ ఎక్కడ? ఈ పేర్లలో నిజముగా బ్రతికి ఉన్నవాటిని పిల్లలకు చూపితే వారికి రుచి పుట్టును. హెక్టారులో హెక్టో ఉన్నది. తుపాను వార్తలలో గాలి ఒత్తిడిని చెప్పే హెక్టోపాస్కలులో ఉన్నది. ధ్వని తీవ్రతను చెప్పే డెసిబెలులో డెసి ఉన్నది. మిగిలినవానిని ఒకసారి చెప్పి విడిచిపెట్టవచ్చును.

రెండవది, మార్పిడి మోజు. ఎన్ని అంగుళములు ఎన్ని సెంటీమీటర్లు, ఎన్ని పౌనులు ఎన్ని కిలోగ్రాములు అనే లెక్కలు పిల్లలచేత చేయించుట. తండ్రి ఎకరముల లెక్క తెలియుటకు కొంత మార్పిడి కావలెను. ఒక హెక్టారుకు సుమారు రెండున్నర ఎకరములని తెలిస్తే చాలును. కాని మార్పిడియే పాఠమైతే పిల్లవాని మనస్సులో పాత కొలత అసలు వస్తువుగాను, కొత్త కొలత దానికి అనువాదముగాను స్థిరపడును. తన మూర ఎన్ని సెంటీమీటర్లో, తన అడుగు ఎంత పొడవో, నీళ్లు నిండిన తన కుండ ఎన్ని కిలోగ్రాములో చూచి చెప్పలేని పిల్లవానికి మెట్రిక్ పద్ధతి వచ్చినదనుట సాహసమే.

మూడవది అన్నిటికంటె పెద్దది. పొడవును ఒక పాఠముగా, వైశాల్యమును వేరొక పాఠముగా, ఘనపరిమాణమును ఇంకొక తరగతిలో, బరువును విజ్ఞానశాస్త్రములో చెప్పుట. ఈ నాలుగింటిని కలిపే లంకెయే మెట్రిక్ పద్ధతికి ప్రాణమని పైన చెప్పినాను. ఆ లంకెను త్రెంచి, నాలుగు ముక్కలను నాలుగు అలమారులలో పెట్టినాము. అందుకే మిల్లీమీటరు వానకు లీటర్లు ఎన్ని అంటే తొమ్మిదవ తరగతి మౌనము వహించినది.

వానను పాఠము చేయుట

ఆ మౌనమును పోగొట్టుట కష్టము కాదు. ఒక మిల్లీమీటరు, ఒక చదరపు మీటరు, ఒక లీటరు. ఈ ఒక్క సూత్రము పట్టుబడితే మిగిలినది పిల్లలే చేసికొంటారు.

హెక్టారు 10,000 చదరపు మీటర్లు. కాబట్టి 20 మిల్లీమీటర్ల వాన హెక్టారుకు 2 లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరులు నలుబది. ఎకరము సుమారు 4,047 చదరపు మీటర్లు. అదే వాన ఎకరమునకు సుమారు 81 వేల లీటర్లు, అనగా పదహారు ట్యాంకరులు. ట్యాంకరు నీటికి డబ్బు పోసి కొన్న ఇంటి పిల్లవానికి ఈ లెక్క ఎట్లు తగులునో చెప్పనక్కరలేదు.

కొంచెము పెద్ద లెక్క చూడండి. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడక పూర్వము అనంతపురము జిల్లా వైశాల్యము సుమారు 19,130 చదరపు కిలోమీటర్లు. జిల్లా అంతట 10 మిల్లీమీటర్ల వాన పడితే ఆ నీరు సుమారు 19 కోట్ల ఘనమీటర్లు. ఒక టి.ఎం.సి. అంటే సుమారు 2.83 కోట్ల ఘనమీటర్లు గనుక, అది దాదాపు 6.8 టి.ఎం.సి.లు. ఈ సీమ సగటు వర్షము యేడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ లెక్కన యేడాదికి ఆకాశమునుండి దిగే నీరు 370 టి.ఎం.సి.లకు పైమాట! కాలువలో ఒకటి రెండు టి.ఎం.సి.ల కొరకు ఎంత పోరాటము జరుగునో ఎరిగిన పిల్లలు ఈ అంకె చూచి ఆశ్చర్యపడుదురు. ఆ ఆశ్చర్యమునుండి మంచి ప్రశ్నలు పుట్టును. ఆ నీరంతా ఏమైనది? ఎంత ఆవిరైనది, ఎంత మొక్క త్రాగినది, ఎంత నేలలోనికి ఇంకినది, ఎంత వాగులో పోయినది? కరువు అంటే వాన లేకపోవుట ఒక్కటియేనా, వాన వేళకు రాకపోవుట, నిలువకపోవుట కూడనా? కొలత సరిగా తెలిసినవాడే ఈ ప్రశ్నలు అడుగగలడు.

ఇప్పుడు బడి పైకప్పు లెక్క. 20 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల కప్పు 160 చదరపు మీటర్లు. 550 మిల్లీమీటర్ల వర్షమునకు దానిమీద పడే నీరు 88,000 లీటర్లు. ఐదవ వంతు నష్టమైనదనుకొన్నను 70,400 లీటర్లు మిగులును. 300 మంది పిల్లలు దినమునకు తలకొక లీటరు త్రాగితే 234 దినములు వచ్చును. బడి పనిచేసే దినములు సాధారణముగా ఇంతకు మించవు. కరువు యేట ఇందులో సగమే రావచ్చును, నిలువచేయుటకు తొట్టి కావలెను, నీటిని శుభ్రపరచవలెను. అయినను ఈ లెక్క చేసిన తరగతి తమ బడి కప్పును మునుపటి కన్నులతో చూడదు.

అంకె తెలియకపోతే జరిగే నష్టము

ఇది కేవలము లెక్కల వినోదమని ఎవరైనను అనుకొంటే, వారికి మూడు సంగతులు మనవి చేస్తాను.

ఒకటి, పంటల బీమా. వాతావరణ ఆధారిత బీమాలో పరిహారమును నిర్ణయించేది ఒక్కొక్క రైతు పొలములోని పైరు కాదు. నిర్ణీత కేంద్రములో నమోదైన వర్షము, అది కూడ మిల్లీమీటర్లలో. ఆ అంకెకు అర్థము తెలియని రైతు తనకు న్యాయము జరిగినదో లేదో ఎట్లు పరీక్షించుకొనగలడు? తన పొలములో ఎంత కురిసినదో తాను కొలిచి వ్రాసికొన్నవాడు కనీసము అడుగగలడు.

రెండు, బోరుబావి. "రెండించుల నీళ్లు పడినాయి" అంటారు. ఇది గొట్టపు నోటి వెడల్పును బట్టియో, పారే నీటి మందమును బట్టియో కంటితో చూచి చెప్పే మాట. దీనిలో కాలము లేదు. కాలము లేనిదే ప్రవాహమునకు కొలత లేదు. పైగా వేగము సమానమైనప్పుడు రెండించుల గొట్టము ఒక ఇంచు గొట్టమునకు రెండింతలు కాదు, నాలుగింతల నీరు పోయును. సరియైన పరీక్ష సులభము. 200 లీటర్ల పీపాయి పెట్టి గడియారము చూడవలెను. 80 సెకండ్లలో నిండితే సెకండుకు రెండున్నర లీటర్లు, గంటకు 9,000 లీటర్లు. ఎకరమునకు 50 మిల్లీమీటర్ల తడి ఇయ్యవలెనంటే సుమారు 2,02,000 లీటర్లు కావలెను. మోటారు ఇరువది రెండు గంటలకు పైగా నడవవలెను. అదే బిందుసేద్యముతో 5 మిల్లీమీటర్లు ఇచ్చుటకు రెండుగంటల పావు చాలును. ఎన్ని ఎకరములకు ఆ బోరు చాలునో విత్తకముందే తెలిసిపోవును. ఈ లెక్క తెలియక అప్పుచేసి పైరు పెట్టి, నడుమ ఎండబెట్టుకొన్న కుటుంబములు ఈ సీమలో తక్కువ కాదు.

మూడు, ఎరువు బస్తా. "ఎకరానికి ఒక బస్తా యూరియా" అనేది వాడుక. 2018వరకు ఆ బస్తా 50 కిలోగ్రాములు. ఆ తరువాత 45 కిలోగ్రాములైనది. యూరియాలో నత్రజని నూటికి 46 వంతులు. పాత బస్తాలో 23 కిలోగ్రాముల నత్రజని ఉండేది. కొత్త బస్తాలో 20.7 కిలోగ్రాములే. బస్తాను కొలతగా పెట్టుకొన్నవాని మోతాదు తనకు తెలియకుండానే మారిపోయినది. కిలోగ్రామును కొలతగా పెట్టుకొన్నవానికి ఏమియు మారలేదు.

పదును మాట

ఇంతమాత్రమున పాత కొలతలన్నియు అజ్ఞానమని నేననను. ఆ తరగతి ముగిసిన సాయంకాలము ఒక వృద్ధ రైతును వానను గురించి అడిగినాను. "పదునైతే అయింది గానీ లోపలికి దిగలేదు సార్. జానెడు తవ్వితే పొడి తగులుతోంది" అన్నాడు. ఆ మాటలో ఎంత విజ్ఞానమున్నదో చూడండి. వానమాపకము ఆకాశమునుండి ఎంత దిగినదో చెప్పును. పదును విత్తనమునకు ఎంత అందినదో చెప్పును. ఒకే 20 మిల్లీమీటర్లు మెల్లగా కురిస్తే ఎర్రనేల త్రాగును. అరగంటలో కురిస్తే సగము వాగుపాలగును. రెండింటికీ మిల్లీమీటరు అంకె ఒక్కటే. పదును ఒకటి కాదు.

అందుచేత బడి చేయవలసినది పదునును వెక్కిరించి మిల్లీమీటరును పొగడుట కాదు. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టవలెను. ఇన్ని మిల్లీమీటర్ల వాన మన ఊరి నేలలో ఎన్ని సెంటీమీటర్ల లోతుకు దిగినది? పిల్లలే చిన్న గుంత తవ్వి, స్కేలుతో కొలిచి వ్రాయవలెను. అట్లు ఒక వర్షాకాలము వ్రాస్తే ఆ ఊరి నేలను గురించి ఆ బడికి తెలిసినంత మరెవ్వరికీ తెలియదు. తాత మాట, మనుమని అంకె కలిసినచోట శాస్త్రము ఇంటిలోనికి వచ్చును.

ఉపాధ్యాయ మిత్రులకు

"పరికరములు లేవు, వ్యవధి లేదు, పరీక్షలో ఇవి అడుగరు" అని ఉపాధ్యాయ మిత్రులు అనవచ్చును. మూడింటిలో మొదటిదానికి జవాబు సులభము. నోరు 11.3 సెంటీమీటర్ల వ్యాసము గల గరాటును తీసికొంటే దాని నోటి వైశాల్యము 100 చదరపు సెంటీమీటర్లు. దానిని ఒక సీసా మీద అమర్చి, చెట్టుకు, గోడకు దూరముగా ఆరుబయట నిలుపవలెను. సీసాలో చేరిన ప్రతి 10 మిల్లీలీటర్లు ఒక మిల్లీమీటరు వాన. మందు సీసాతో వచ్చే కొలత మూతతో దీనిని కొలువవచ్చును. ప్రతి ఉదయము 8.30కి చూచి వ్రాయవలెను. వాతావరణ శాఖ వేళ అదే. 2.5 మిల్లీమీటర్లు, అంతకు పైన పడిన దినమును ఆ శాఖ వర్షపు దినముగా లెక్కించును. ఈ రెండున్నర ఎక్కడిదని పిల్లలు అడిగితే సంతోషించండి: వానను అంగుళములలో, అంగుళమునకు నూరు సెంట్ల వంతున కొలిచిన కాలములో పది సెంట్లు హద్దుగా ఉండేది. ఆ పాత హద్దు నీడయే ఈ రెండున్నర.

రెండవదానికి జవాబు: నిచ్చెన మీద గడిపే వ్యవధిలో సగము దీనికి చాలును. ఒక మీటరు చదరము నేలమీద ముగ్గుతో గీసి, ఒక లీటరు నీళ్లు తెచ్చి, అంచు కట్టిన పలుచని రేకుమీద పోసి, స్కేలుతో ఎత్తు చూపుటకు పావుగంట పట్టదు. ఆ పావుగంటను పిల్లలు జన్మలో మరువరు.

మూడవ ఆక్షేపణకు జవాబు ఉపాధ్యాయుని చేతిలో మాత్రము లేదు. ప్రశ్నపత్రములు తయారుచేసేవారు 7 హెక్టోగ్రాములను సెంటీగ్రాములలోనికి మార్చుమనుట మాని, "నీ బడి కప్పుమీద 12 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని లీటర్లు?" అని అడిగిననాడు పాఠము దానంతట అదే మారును. వ్యవసాయ, రెవిన్యూ శాఖలవారు రైతుతో మాట్లాడేటప్పుడు దిగుబడిని హెక్టారులో, భూమిని ఎకరములో, నీటిని టి.ఎం.సి.లో చెప్పుట మాని ఒకే భాష వాడితే బడికి ఇంకను బలము చేకూరును.

1958లో కిలోగ్రాము అంగడికి వచ్చినప్పుడు దాని పని మోసమును ఆపుట. ఆ పని చాలవరకు నెరవేరినది. ఇప్పుడు మిల్లీమీటరు, లీటరు పొలమునకు, బావి గట్టునకు రావలసి ఉన్నది. వాటిని తీసికొనిపోగలవారు చివరి బల్లమీద కూర్చున్న ఆ బాలికవంటి పిల్లలే. ఎత్తు అని చెప్పగలిగిన ఆమె లీటర్లు కూడ చెప్పగలిగిననాడు, మన బడులలో మెట్రిక్ పద్ధతి అమలైనదని నేను ఒప్పుకొంటాను.